ఆ రేసును గాలిలోకి తీసుకెళ్లండయ్యా

"చదును రోడ్ల రేసా? చివరి పది నిమిషాలు చూస్తే చాలు." సైక్లింగ్ బాగా ఫాలో అయ్యేవాళ్లు కూడా ఈ మాట అంటుంటే ఒళ్లు మండుతుంది. 2025 జూన్‌లో డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ స్ప్రింట్ అని కొత్త రేసు మొదలైంది కదా, అప్పటి నుంచి ఇదే పాట. ఆడవాళ్లకు ఒకరోజు, మగవాళ్లకు ఒకరోజు, మొదటి ఏడాదే నేరుగా వరల్డ్ టూర్ (సైక్లింగ్‌లో పైస్థాయి రేసుల వరస) హోదా, రోస్కిల్డేలో మొదలై కోపెన్‌హాగన్‌లో ముగింపు. లొరేనా వీబెస్, జోర్డి మేయస్ గెలిచారు, ఇద్దరూ స్ప్రింటర్లే, అంటే చివరి గీత ముందు మెరుపులా తొక్కి గెలిచేవాళ్లు. పేరులోనే స్ప్రింట్ ఉంది, ఇంకేం జరుగుతుంది అంటారు. నా గొడవా అదే! ఎక్కడ నిలబడ్డా సముద్రం యాభై చిల్లర కిలోమీటర్లకు మించి దూరం ఉండని దేశంలో రేసు పెట్టి, ఆ గాలిని వదిలేసి, చివర్లో ఊరి వీధుల్లో చుట్లు తిప్పడమేంటి?

చదును రోడ్డు మీద కొండ చేసే పని పక్కగాలి చేస్తుంది. ఎదురుగాలైతే ముందువాడి వెనకాల నక్కితే సరిపోతుంది. గాలి పక్క నుంచి కొడితే మాత్రం ముందువాడికి కాస్త పక్కగా, ఏటవాలుగా ఉండాలి, అలా ఒకరి పక్కన ఒకరు చేరేసరికి పది పన్నెండు మందికి రోడ్డు వెడల్పు అయిపోతుంది. పదమూడోవాడి సంగతి చూడండి: చక్రం తెల్లగీత మీద, పక్కనే గడ్డి, చాటు లేదు, కాళ్లలో సత్తువ ఉన్నంతసేపు ముందు చక్రాన్ని పట్టుకుని వేలాడటమే. వాడు ఒక్క సైకిల్ పొడవు వెనకబడ్డాడా, వాడి వెనక ఉన్న యాభై మందీ పోయినట్టే. పైగా ముందున్న టీమ్ కావాలనే రోడ్డంతా వాడకుండా తనవాళ్లకే చాటు మిగిలేలా తొక్కుతుంది. పచ్చి దుర్మార్గం, నాకు భలే ఇష్టం.

నమ్మకపోతే 2015 టూర్ డి ఫ్రాన్స్ రెండో స్టేజ్ (రెండో రోజు రేసు) చూడండి, నెదర్లాండ్స్‌లో జీలండ్ తీరం. చెప్పుకోదగ్గ ఎత్తు లేదు. వాన, గాలి, గుంపు ముక్కలైంది, క్వింటానా అనే రైడర్, చివరికి ఆ టూర్ గెలిచిన ఫ్రూమ్ కంటే 1 నిమిషం 28 సెకన్లు వెనకబడ్డాడు. పారిస్ చేరేసరికి వాడు టూర్ పోగొట్టుకున్నది 1 నిమిషం 12 సెకన్ల తేడాతో. ఆల్ప్స్ ఎక్కి దిగిన మూడు వారాల లెక్క ఆ సముద్రపు ఒడ్డునే తేలిపోయింది! అదే ఏడాది బెల్జియంలో గెంట్-వెవెల్గెమ్ రేసులో గాలి గెరైంట్ థామస్‌ను ఎత్తి రోడ్డు పక్కన పడేసింది, ఆయన లేచి మళ్లీ తొక్కి మూడో స్థానంలో వచ్చాడు. గెలిచింది 38 ఏళ్ల పావ్‌లినీ, ముగింపు దాకా వచ్చింది 39 మందే. ఇదా నిద్రొచ్చే రేసు?

గాలిని ఆర్డర్ ఇచ్చి తెప్పించలేమన్నది నిజమే. 2022 టూర్ డి ఫ్రాన్స్ డెన్మార్క్‌లో మొదలైనప్పుడు 18 కిలోమీటర్ల గ్రేట్ బెల్ట్ వంతెన గురించి అందరికీ ఒకటే టెన్షన్. తీరా చూస్తే వంతెన మీద ఎదురుగాలి, గుంపంతా కలిసికట్టుగా దాటేసింది, యాకబ్‌సెన్ స్ప్రింట్‌లో గెలిచాడు. ఒకే దిక్కుకు పోయే రోడ్డును నమ్ముకుంటే అంతే. మాటిమాటికీ మలుపు తిరిగే రోడ్లు కావాలి, అప్పుడు గాలి ఎటు వీచినా ఎక్కడో ఒకచోట పక్క నుంచి తగులుతుంది. బెల్జియంలో బ్రుగ్గె-డి పన్నె రేసువాళ్లు డి మూరెన్ పొలాల్లోకి తీసుకెళ్లింది అందుకే, అక్కడ ఆపడానికి చెట్టూ ఉండదు, ఇల్లూ ఉండదు.

సేఫ్టీ అంటారు. గాలికి పడతారు, ఒప్పుకుంటా. కానీ నూట యాభై మందిని ఒకే గుంపుగా గంటకు అరవై మీద ఊరి మలుపుల్లోకి తోలడం కంటే, అప్పటికే ముక్కలైన గుంపు రావడం నయం కాదా?

"మరి స్ప్రింటర్లు ఏమైపోవాలి" అని అడిగేవాళ్లకు ఒక్క ముక్క: జీలండ్‌లో ఆ రోజు గెలిచింది ఆండ్రే గ్రైపెల్ అనే స్ప్రింటరే. ఆయన ముందు గుంపులో ఉన్నాడు, కావెండిష్‌నూ సాగాన్‌నూ దాటుకుని గెలిచాడు.