రిఫ్రాక్టోమీటరు గారికి ఒక తీపి ఉత్తరం

అయ్యా రిఫ్రాక్టోమీటరు గారూ,

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో తీపి కొలిచే పరికరంగా తమరి హోదా మాకు తెలియంది కాదు. గాజు మీద చుక్క వేసి, మూత మూసి, వెలుతురు వైపు పెట్టి చూస్తే గీత ఎక్కడ ఆగిందో అదే తీర్పు. తోతాపురి గుజ్జు 14 బ్రిక్స్, అంటే నూటికి సుమారు 14 పాళ్ళ చక్కెర, చూపిస్తే పాసు. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు వేసుకుని రైతు దగ్గర మామిడి కిలో 12కి కొనాలన్న 2025 సీజన్‌లో కూడా తమరి గీత వణకలేదు.

కానీ తమరికి తెలిసింది తీపి ఒక్కటే. చక్కెర కరిగితే వెలుతురు ఇంకాస్త వంగుతుంది, ఆ వంపును చదువుతారు. అది చెట్టు ఇచ్చిన చక్కెరా, కిరాణా కొట్టు ఇచ్చిందా అని అడగరు. 86 పాళ్ళ నీళ్ళలో 14 పాళ్ళ పంచదార కలిపి తెచ్చినా "14, దయచేయండి" అంటారు. పట్టుచీర కట్టినవాళ్ళందరినీ పెళ్ళికూతురే అనుకునే పెద్దాయన వరస.

అమెరికాలో బీచ్-నట్ కంపెనీ పసిపిల్లలకు ఆపిల్ జ్యూస్ అని అమ్మినదాంట్లో చక్కెర, రంగు, వాసనే తప్ప ఆపిల్ దాదాపు లేదు. 1987లో నేరం ఒప్పుకుని 20 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. ఆ సీసా తమరి ముందు పెట్టినా అంకె ముచ్చటగానే వచ్చేది.

తమరి వంశంలో చదువుకున్నవాళ్ళు లేకపోలేదు. కంటికి కనిపించని పరారుణ కాంతితో చూసే పరికరం సుక్రోజు, గ్లూకోజు, ఫ్రక్టోజు అనే చక్కెరల వాటాలు విడదీసి చెబుతుంది. విశాఖలో బడికెళ్ళిన సి.వి. రామన్ 1928లో కనిపెట్టిన, పదార్థాన్ని తాకి చెదిరిన కాంతిలో కొంత రంగు మారే ఎఫెక్టుతో అయితే నీళ్ళు పెద్దగా అడ్డురావు, మామిడి పసుపు వెనకున్న కెరోటినాయిడ్లు దొరికిపోతాయి. కాకపోతే వాళ్ళకు ముందే అసలు రసాలు బోలెడు చూపించి ఉంచాలి. రకం మారినా, ఊరు మారినా పాఠం మళ్ళీ చెప్పాలి.

ఇంత చదువూ మన దగ్గర ఎందుకు లెండి! పండ్ల పానీయం అనిపించుకోవడానికి ఇక్కడ 10 శాతం రసం చాలు, నిమ్మకైతే 5. మిగతాది దొంగతనం కాదు, అట్టపెట్టె వెనక చీమతలకాయంత అక్షరాల్లో రాసే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ట్యూబ్‌లైటు, తాతగారి కళ్ళజోడు చాలు. చిక్కటి రసంలో నీళ్ళు కలిపి చేసినవాటి మీద "నూరు శాతం" అని వేయొద్దని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది కూడా 2024 జూన్‌లోనే.

కనుక ఒక మనవి. రైతు గుజ్జును చూసినంత శ్రద్ధగా, ఆ గుజ్జుతో తయారై షాపుకు పోయే సీసాను కూడా ఒకసారి చూడండి. భయపడకండి, అంకె బాగానే వస్తుంది.

ఇట్లు,
స్ట్రా గుచ్చి తాగేవాడు