ఐదు నక్షత్రాల జాతకం

మన పంచాంగంలో నక్షత్రాలు 27. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ పంచాంగంలో ఐదే ఐదు. అయినప్పటికీ జరగబోయేది ముందే చెప్పే ధీమాలో అక్కడి సిద్ధాంతులు మన సిద్ధాంతులకు ఏ మాత్రమూ తీసిపోరని, పదకొండేళ్లుగా డాలస్ ఉత్తర శివార్లలో కాపురముంటూ ఈ శాస్త్రాన్ని శ్రద్ధగా గమనిస్తున్నవాడిగా నేను పూచీ పడగలను. కుర్రవాడికి పదహారేళ్లు నిండకముందే అతని ఎత్తు, బరువు, చేతుల పొడవు, పరుగు, నడుము తిరిగే తీరు అన్నీ కొలిచి, రెండు నుంచి ఐదు వరకు నక్షత్రాలు వేసి, ఫలానా కాలేజీ భాగ్యరేఖ ఇతని చేతిలో ఉన్నదని ప్రకటించే ఈ విద్యను కొందరు కాలక్షేపంగా తీసిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదని, కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తేదని పాఠకులకు గుర్తు చేయనవసరం లేదు. దేశం మొత్తం మీద హైస్కూళ్లలో ఈ ఆట ఆడేవారు పది లక్షల పైచిలుకు. వారిలో ఏటా సుమారు 32 మందికి ఐదు నక్షత్రాలు దక్కుతాయి. ఈ 32 ఎక్కడి నుంచి వచ్చిందంటే, వృత్తి ఫుట్‌బాల్ లీగు అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో మొదటి రౌండుకు 32 స్థానాలుంటాయి కనుక, మూడు నాలుగేళ్ల తరువాత ఆ స్థానాల్లో కూర్చోబోయేవారిని, ఈ నక్షత్రాలు వేసే 247స్పోర్ట్స్ వంటి సంస్థలు ఇప్పుడే గుర్తిస్తాయన్నమాట. ఒక ఏడాది మహానుభావులు నలభై మంది పుట్టవచ్చు, ఇంకొక ఏడాది పదిమందే పుట్టవచ్చు అన్న చాదస్తానికి ఇందులో తావు లేదు. పీటలు ముందే లెక్కగా వేసేశారు, ఇక బంధువులే ఆ లెక్కకు సరిపడా రావాలి.

జాతకానికి జన్మ సమయం ఎలాగో ఈ శాస్త్రానికి 40 గజాల పరుగు అలాగ. అంటే ముప్పై ఆరున్నర మీటర్లు. నాలుగున్నర సెకన్లలో పరుగెత్తినవాడికి ఒక భవిష్యత్తు, నాలుగు పాయింట్ ఏడు పట్టినవాడికి వేరొక భవిష్యత్తు. ఈ సెకన్లను చాలా చోట్ల కోచ్‌గారో కుర్రవాడి బంధువో స్టాప్‌వాచీ నొక్కి కొలుస్తారు. ఎలక్ట్రానిక్ యంత్రం కంటే మనిషి బొటనవేలు దాదాపు సెకనులో పదింట రెండు వంతులు దయగా ఉంటుందని ఈ రంగంలో అందరికీ తెలుసు. మంత్రసాని గడియారం నాలుగు నిమిషాలు ముందుకు తిరిగితే లగ్నమే మారిపోయి, వాడు కలెక్టరు కావలసింది కాస్తా గుమాస్తా అయ్యాడని మా ఊళ్లో చెప్పుకునేవారు. ఇక్కడ బొటనవేలు కాస్త ముందుగా కదిలితే మూడు నక్షత్రాలవాడు నాలుగు నక్షత్రాలవాడవుతాడు. ఎత్తు విషయంలోనూ ఇదే ఔదార్యం కనిపిస్తుంది: స్కూలు అచ్చు వేసిన కరపత్రంలో ఆరడుగుల రెండంగుళాలుండే కుర్రవాడు కాలేజీవారు టేపు తీసేసరికి ఆరడుగుల దగ్గర ఆగిపోవడం మామూలే.

నిరుడు మా మామగారు ఒంగోలు నుంచి వచ్చి ఆరు నెలలు మా ఇంట్లో ఉన్నారు. ఆయన జీవితంలో సగం ఎడ్ల బేరాల్లో, మిగతా సగం బండలాగుడు పోటీల్లో గడిచింది. నేను కంప్యూటర్ తెర మీద ఒక కుర్రవాడి మూల్యాంకనం చదివి ఆయనకు తెలుగు చేసి వినిపించాను: పొడవైన ఎముక, ఇంకా ఇరవై కిలోలు మోయగల కాయం, మెత్తగా తిరిగే నడుము, ఆగకుండా తిరిగే మోటారు. మామగారు కళ్లు మూసుకుని విని, మూపురం సంగతి అడిగారు. హాస్యమనుకున్నాను, కాదు, ఆయన నిజంగానే ఎద్దు అనుకున్నారు. కుర్రవాడని చెప్పిన తరువాత కొంతసేపు మౌనంగా ఉండి, "పళ్లు ఎన్ని వేశాడు?" అన్నారు. బండలాగుడు పోటీల్లో రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం అని వయసును బట్టి వేరు చేస్తారు కనుక ఆయన ప్రశ్న శాస్త్రీయమైనదే. రెండు పళ్ల గిత్త మీద నాలుగేళ్ల తరువాతి బండ గురించి పందెం కాసేవాణ్ని ఒంగోలులో ఏమంటారో కూడా ఆయన చెప్పారు గానీ అది ఇక్కడ రాయదగినది కాదు.

ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ముచ్చట కలిగించేది దాని తర్కం. ఒక కుర్రవాడికి మూడు నక్షత్రాలున్నాయనుకుందాం. ఒక రోజు ఈ ఆటలో దిగ్గజమైన అలబామా విశ్వవిద్యాలయం అతనికి స్కాలర్‌షిప్ ఇస్తానంటుంది. అలబామావారు ఊరికే అడగరు కదా అని మూల్యాంకనకర్తలు అతని వీడియోలు మళ్లీ చూస్తారు, మొదటిసారి కనబడని సద్గుణాలు ఈసారి కనబడతాయి, నాలుగో నక్షత్రం ఉదయిస్తుంది. సంవత్సరాంతంలో ఏ కాలేజీ ఎక్కువ నక్షత్రాలను కూడబెట్టిందో లెక్క వేసి ర్యాంకులిచ్చినప్పుడు అలబామా పైన నిలుస్తుంది, ఆహా, ఎంతటి కుర్రవాళ్లను పట్టారు అని అందరూ మెచ్చుకుంటారు. కొన్నవాడు గొప్పవాడు కనుక గుర్రం గొప్పది, గుర్రం గొప్పది కనుక కొన్నవాడు గొప్పవాడు. ఇంత గుండ్రంగా, ఎక్కడా అతుకు కనబడకుండా నడిచే వాదనను నేను మా ఊరి పెళ్లి సంబంధాలలో తప్ప మరెక్కడా చూడలేదు.

దీని మహిమకు మా టెక్సాస్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. 2022లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం చేర్చుకున్న కుర్రవాళ్ల జట్టుకు 247స్పోర్ట్స్ తన లెక్కలు మొదలైననాటి నుంచి ఎవరికీ ఇవ్వనన్ని పాయింట్లిచ్చింది. అలబామా కోచ్ నిక్ సేబన్ అంతటివాడు బహిరంగ సభలో లేచి, వాళ్లు ఆటగాళ్లను డబ్బిచ్చి కొన్నారని ఆరోపించగా, ఏ అండ్ ఎం కోచ్ జింబో ఫిషర్ మరునాడే విలేకరులను పిలిచి నిప్పులు కక్కాడు. ఆ శరదృతువులో ఏ అండ్ ఎం పన్నెండు ఆటలాడి ఐదు గెలిచింది, ఏడు ఓడింది. 2023 నవంబరులో ఫిషర్‌ను సాగనంపినప్పుడు ఒప్పందం ప్రకారం ఆయనకు రావలసింది ఏడున్నర కోట్ల డాలర్ల పైమాటే. నక్షత్రాలు తప్పాయని ఇక్కడ ఎవరూ అనలేదు. కోచ్‌కు వాటిని వాడుకోవడం రాలేదన్నారు. జాతకంలో రాజయోగముంది, జాతకుడే అనుభవించలేకపోయాడు.

రాజయోగం లేనివారి కథలు మరీ ఇబ్బందికరమైనవి. కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే చిన్న వ్యవసాయపు ఊరిలో పెరిగిన జాష్ అలెన్‌కు హైస్కూలు అయ్యేనాటికి ఒక్క కాలేజీ కూడా స్కాలర్‌షిప్ ఇస్తాననలేదు; రెండేళ్ల కోర్సుల చిన్న కాలేజీలో ఒక ఏడాది ఆడి, కోచ్‌లకు తానే ఈమెయిళ్లు పంపుకుని, చివరకు వయోమింగ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 2018 డ్రాఫ్టులో ఏడోవాడిగా ఎంపికై, 2024 సీజనుకు ఎన్‌ఎఫ్‌ఎల్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. జె.జె. వాట్‌కు రెండు నక్షత్రాలు వేశారు. అతడు మొదట చేరిన కాలేజీ విడిచి, కొన్నాళ్లు ఇంటింటికీ పిజ్జాలు అందించి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్ లేకుండా అడుగు పెట్టి, తరువాత మూడుసార్లు లీగులోకెల్లా ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా నిలిచాడు. తరువాత ఎన్‌ఎఫ్‌ఎల్ తార అయిన ఆరన్ రాడ్జర్స్ సంగతి చెప్పాలంటే, బర్క్‌లీ విశ్వవిద్యాలయపు కోచ్ అతను చదువుతున్న బ్యూట్ అనే చిన్న కాలేజీకి వచ్చింది వేరే కుర్రవాణ్ని చూడడానికి. అతనికి బంతి విసురుతున్నవాడు ఎవరా అని అడగడంతో రాడ్జర్స్ బయటపడ్డాడు. పెళ్లిచూపులకు వెళ్లి కాఫీ తెచ్చిన అమ్మాయిని అడిగి చేసుకున్నట్టు. ఈ ముగ్గురూ శాస్త్రానికి చేసిన అపచారం చిన్నది కాదు. ముందుగా ఒక మాట చెప్పి ఉంటే నక్షత్రాలు సిద్ధం చేసి ఉంచేవారు కదా.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. వందల మందిని కలిపి లెక్కిస్తే ఈ నక్షత్రాలు ఉత్తవి కావు. ఐదు నక్షత్రాలవాడు డ్రాఫ్టు దాకా వెళ్లే అవకాశం రెండు నక్షత్రాలవాడి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, నాలుగైదు నక్షత్రాలవారు సగానికి మించి ఉన్న జట్లే చాలా ఏళ్ల పాటు జాతీయ ఛాంపియన్ బిరుదును పంచుకున్నాయి. చిక్కల్లా ఏమిటంటే వాన సగటును బట్టి ఎవరూ గొడుగు కొనరు. ప్రతి అభిమానికీ కావలసింది ఈ కుర్రవాడు, ఈ ఊరి కుర్రవాడు, మా కాలేజీకి వస్తాడా రాడా, వస్తే మమ్మల్ని గట్టెక్కిస్తాడా అన్నదే. అందుకోసం వెలిసిన సేవకు 247స్పోర్ట్స్‌వారు పెట్టిన పేరు క్రిస్టల్ బాల్, అంటే సోదె చెప్పేవారి గాజు గోళం. వ్యంగ్య రచయితలకు పని లేకుండా చేయడం అంటే ఇదే.

ఫలితం ఇంత ముందుగా తెలుస్తున్నప్పుడు పదిహేడేళ్ల దాకా ఆగడం దేనికని 2010లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు కోచ్ లేన్ కిఫిన్ ఏడో తరగతి చదువుతున్న పదమూడేళ్ల క్వార్టర్‌బ్యాక్‌కు, అంటే బంతి విసిరేవాడికి, స్కాలర్‌షిప్ ప్రకటించాడు. ఆ బాలుడు పెరిగి పెద్దవాడై, వేరే రాష్ట్రంలోని వేరే కాలేజీలో, బంతి విసిరేవాడుగా కాక పట్టేవాడుగా పేరు తెచ్చుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందు, 2008లో, నెవాడాలో ఒక కుర్రవాడు ఇంకొక మెట్టు పైకెక్కాడు: స్కూలు జిమ్నేజియంలో తోటివారిని, టీవీవాళ్లను కూర్చోబెట్టి, బల్ల మీద రెండు కాలేజీల టోపీలు పెట్టి, చేరబోయే కాలేజీని ప్రకటించే రివాజు ప్రకారం ఒకటి తీసి నెత్తిన పెట్టుకున్నాడు. చప్పట్లు మోగాయి. తరువాత తేలింది, ఆ రెండు కాలేజీలలో ఏ ఒక్కటీ అతణ్ని అడగలేదని. అందరూ అతణ్ని తిట్టారు గానీ నాకు మాత్రం ఆ తంతును అతనంత బాగా అర్థం చేసుకున్నవాడు లేడనిపిస్తుంది. 2021 ఆగస్టులో అయితే ఒక స్కూలుకు స్కూలే టోపీ పెట్టేసింది. బిషప్ సైకమోర్ అన్న పేరుతో వచ్చిన జట్టులో పెద్ద కాలేజీలకు వెళ్లబోయే కుర్రవాళ్లు బోలెడుమంది ఉన్నారని నమ్మి క్రీడల టీవీ ఛానల్ ఈఎస్‌పీఎన్ ఆటను దేశమంతటికీ చూపించింది. ఐఎంజీ అకాడమీ చేతిలో 58-0తో ఓడుతుండగానే వ్యాఖ్యాతలకు అనుమానం వచ్చింది, తరువాత విచారిస్తే చెప్పుకోదగ్గ బడి ఒకటి అక్కడ లేనే లేదు.

టోపీల తంతు సంగతి వచ్చింది కనుక కుర్రవాళ్లు కాలేజీలతో ఒప్పందం రాసుకునే సంతకాల రోజు గురించి రెండు మాటలు. పూర్వం అది ఫిబ్రవరి మొదటి బుధవారం. 2017 నుంచి డిసెంబరులోనే ముందస్తు ముహూర్తం పెట్టారు, ఇప్పుడు పెళ్లిళ్లన్నీ అందులోనే అయిపోతున్నాయి. ఒకప్పుడు ఆ ఉదయం కాలేజీ ఆఫీసులో ఫ్యాక్స్ యంత్రం చుట్టూ లక్షల జీతాల పెద్దమనుషులు నిలబడి కాగితం ఎప్పుడు బయటికి వస్తుందా అని పురిటి గది ముందు తండ్రుల్లా తచ్చాడేవారు. అయితే 2018లో ఆటగాళ్లు కాలేజీ మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్, 2021లో ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకునే హక్కు వచ్చాక, డిసెంబరులో కట్టిన కంకణం మరుసటి ఏడాదికి విప్పేసినా అడిగేవాడు లేడు. పోర్టల్ గురించి మామగారికి చెబితే ఆయన సాంతం విని, "కట్టుకొయ్యకు ఉండని గిత్తకు సుడులు చూడటం దేనికి అల్లుడుగారూ?" అన్నారు.

మన తెలుగువాళ్లు దీన్నంతటినీ చూసి నవ్వుతారు. మా వీధిలో ఒకాయన, కొడుకును ఆరో తరగతి నుంచే ఐఐటీ పాఠాలకు పంపి వచ్చినాయన, కాలేజీ ఆటల్లో పై అంచె అయిన డివిజన్ వన్‌లో ఆడడానికి హైస్కూలు ముఖ్య సబ్జెక్టుల్లో జీపీఏ నాలుగుకు 2.3 ఉంటే చాలని తెలిసి ఆ రాత్రి సరిగా భోజనం చేయలేదు. పిల్లవాడి ఫొటో పక్కన అంకె వేసి ఊరంతా ఫ్లెక్సీలు కట్టే దేశం నుంచి వచ్చినవాళ్లం, ఫొటో పక్కన నక్షత్రాలు వేయడం వింతగా తోచడం సహజమే.

మామగారు తిరుగు ప్రయాణానికి వారం ముందు, ఒక శుక్రవారం రాత్రి ఆయన్ను మా పేటలోని హైస్కూలు ఆటకు తీసుకెళ్లాను. ఇక్కడి స్టేడియాలు తక్కువవి కావు. పక్కనున్న ఆలెన్ ఊరిలో 2012లో 18,000 మంది పట్టే స్టేడియాన్ని ఆరు కోట్ల డాలర్లతో హైస్కూలు కోసమే కట్టి, రెండేళ్లకే సిమెంటు పగుళ్లిస్తే మూసి బాగు చేసుకున్నారు. ఆ రాత్రి మైదానంలో నాలుగు నక్షత్రాల కుర్రవాడు ఒకడున్నాడు. నేను అతని నంబరు చెప్పకుండా, మామగారి పారఖీతనం పరీక్షిద్దామని ఊరుకున్నాను. సగం ఆట అయ్యేదాకా ఆయన కండువా సర్దుకుంటూ పెదవి విరుస్తూనే ఉన్నారు. విరామంలో ఒక్కసారి ముందుకు వంగి నా మోచెయ్యి పట్టుకున్నారు.

"అడుగో, వాడు. ఎడమ నుంచి మూడోవాడు. వెన్ను చూడండి, ఎక్కడైనా వంగిందా? అంత బరువు భుజాన వేసుకుని అడుగు తప్పడం లేదు, రొప్పడం లేదు. వాడికి ఎన్ని నక్షత్రాలు?"

చూశాను. ఆ కుర్రవాడు స్కూలు బ్యాండు మేళంలో ఒంటికి చుట్టుకునే పెద్ద ఇత్తడి బూర ఊదుతున్నాడు. సంగతి వివరించి చెప్పినా ఆయన తన తీర్పు మార్చుకోలేదు. ఒంగోలు నుంచి ఆదివారం ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఇప్పటికీ అడుగుతుంటారు, ఆ బూర కుర్రాడిని ఏ కాలేజీవాళ్లు తీసుకున్నారని.