కాళ్లీడ్చే గినీ పిగ్ విషయంలో మొదట అడగవలసింది దాణా తేదీ

పిల్లల పుట్టినరోజుకని కర్నూలులోనో కడపలోనో కొని తెచ్చిన గినీ పిగ్ (ఎలుకల వర్గానికి చెందిన చిన్న పెంపుడు జంతువు) కొన్ని నెలలకు వెనుక కాళ్లు ఈడ్చడం మొదలుపెడితే, ఇంట్లో వినబడే మొదటి మాట ‘పక్షవాతం వచ్చింది’ అని, రెండోది ‘ఇవి ఇంతే, ఎక్కువ కాలం బతకవు’ అని. సరిగా చూసుకుంటే ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతికే ప్రాణిని గురించి ఇంత సులువుగా తీర్పు చెప్పేవారు ఆ మధ్యలో వేయవలసిన ఒక ప్రశ్నను వదిలేస్తున్నారు. దీనికి ఇన్నాళ్లూ పెట్టిన దాణా ఎప్పుడు తయారైనది?

మనిషిలాగే గినీ పిగ్ శరీరం కూడా సి విటమిన్‌ను తయారు చేసుకోలేదు. 1907లో నార్వే శాస్త్రవేత్తలు హోల్స్ట్, ఫ్రోలిక్ ఈ జంతువులకు ధాన్యాలతో చేసిన మేత మాత్రమే పెట్టి చూసినప్పుడు, నావికులను పీడించిన స్కర్వీ వ్యాధే వీటికీ వచ్చింది. సి విటమిన్ అందకపోతే శరీర కణజాలాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ అయిన కొల్లాజెన్ సరిగా ఏర్పడదు, రక్తనాళాల గోడలు బలహీనపడతాయి, కీళ్ల దగ్గర రక్తం చేరి వాపు, నొప్పి మొదలవుతాయి. ఆ నొప్పికి జంతువు అడుగు వేయడం మానేస్తే మనం దానికి పక్షవాతమని పేరు పెడుతున్నాం. లోపం ఏర్పడిన రెండు వారాలకే లక్షణాలు కనిపించవచ్చు.

‘మేము మంచి దాణానే పెడుతున్నాం’ అనే జవాబు నిలబడనిది ఇక్కడే. దాణాలో కలిపిన సి విటమిన్ వేడికి, వెలుతురుకు, తేమకు క్షీణిస్తుంది కనుక తయారైన మూడు నెలల లోపు వాడేయమని పశువైద్యులు సాధారణంగా సూచిస్తారు. ఎక్కడో తయారైన బస్తా లారీలో, గోదాములో, చివరికి నలభై డిగ్రీలు దాటే అనంతపురం ఎండలో రేకుల కప్పు కింది దుకాణంలో ఎన్ని వారాలు గడిపిందో ఎవరు లెక్క పెడుతున్నారు? ఆ బస్తా విప్పి అరకిలో, కిలో చొప్పున ప్లాస్టిక్ కవర్లలో కట్టి అమ్మితే తేదీ అనేదే మిగలదు. కుందేళ్ల దాణానే దీనికీ సరిపోతుందని అంటగట్టేవారు కూడా ఉన్నారు, కానీ కుందేలు తనకు కావలసిన సి విటమిన్‌ను తానే తయారు చేసుకుంటుంది కాబట్టి దాని దాణాలో దానిని కలపవలసిన అవసరమే ఉండదు. నీళ్లసీసాలో వేసే చుక్కల మందును కూడా నమ్ముకోలేం, ఆ నీళ్లలో విటమిన్ గంటల్లోనే తగ్గిపోతూ ఉంటుంది.

విత్తనకాయ కొనేటప్పుడు మొలకశాతం అడగకుండా డబ్బు చేతికివ్వని రైతులున్న సీమ ఇది. నిల్వ చెడితే పంట పోతుందని తాతల నాటి నుంచి తెలిసిన మనం, పట్టణంలో దుకాణం గుమ్మం ఎక్కగానే ఆ తెలివిని బయట వదిలేస్తున్నాం. మందులైనా, పాలపొడి అయినా, దాణా అయినా మన ఎండలో ఎలా నిల్వ ఉందని అడిగే అలవాటు కొనేవారికి లేకపోవడమే నా దృష్టిలో అసలు జబ్బు, గినీ పిగ్ కాళ్లు దాని లక్షణాల్లో ఒకటి మాత్రమే.

కాళ్ల బలహీనతకు కారణాలు చాలా ఉంటాయి, అన్నిటినీ విటమిన్ మీదికి నెట్టవద్దని వైద్యులు అనవచ్చు. పిల్లల చేతుల్లోంచి జారిపడి వెన్నెముక దెబ్బతినడం, జాలీ అడుగున్న పంజరంలో అరికాళ్లు పుండ్లు పడడం, ముదిమిలో కీళ్లు అరగడం, మూత్రాశయంలో రాళ్లు, ఇవన్నీ నిజమే, ఎక్స్‌రే అవసరమైన చోట తీయించాల్సిందే. అయితే ఎక్స్‌రే తీయించిన రోజు కూడా జంతువుకు మేత పెట్టాలి, ఆ మేతలో సి విటమిన్ ఉండాలి. పైగా పశువులకు, గొర్రెలకు వైద్యం చేసే అలవాటుతో పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్ పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి ప్రాణమే పోవచ్చునన్న సంగతిని యజమాని ముందే వైద్యుడికి గుర్తుచేయడం మంచిది.

పెరిగిన గినీ పిగ్‌కు రోజుకు కిలో బరువుకు పది నుంచి ముప్ఫై మిల్లీగ్రాముల సి విటమిన్ చాలు. వంద గ్రాముల జామపండులో దాదాపు రెండు వందల మిల్లీగ్రాములు ఉంటుంది కనుక బొటనవేలంత ముక్క సరిపోతుంది, తీపి ఎక్కువ కాబట్టి అంతకు మించి పెట్టకూడదు కూడా. జామ దొరకని రోజుల్లో పావు వంతు క్యాప్సికం, దానితో పాటు కడిగిన పచ్చి గరిక పెట్టవచ్చు. ఏ సంతలోనైనా దొరికే ఈ వస్తువులకు అయ్యే ఖర్చు దాణా ఖర్చులో లెక్కకు కూడా రాదు.

పెంపుడు జంతువుల దుకాణాల కోసం కేంద్రం 2018లో తెచ్చిన నియమావళి గినీ పిగ్‌ను పేరు పెట్టి పేర్కొంది, దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలని కూడా చెప్పింది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో అలా నమోదైన దుకాణాల జాబితాను అధికారులు బయటపెట్టాలి, విడిగా కట్టి అమ్మే ప్రతి దాణా కవరు మీదా అసలు బస్తా తయారీ తేదీని రాయించాలి.