రంగారావు అంటే గొంతు, విగ్రహమేనా?
ఎస్వీ రంగారావుకు ఉన్న గొంతు, నిలువెత్తు విగ్రహం మరొకరికి రాలేదు కాబట్టి ఆయన వారసత్వం ఆయనతోనే ఆగిపోయిందని ఆయన నటన మీద జరిగిన ఒక చర్చలో ముగ్గురు విమర్శకులూ తేల్చేశారు. నేను ఒప్పుకోను. ‘మాయాబజార్’ (1957) చివరి భాగం మరొకసారి చూడండి. రంగారావు వేసిన ఘటోత్కచుడు శశిరేఖ (సావిత్రి) రూపంలో పెళ్లిపీటల మీద కూర్చుని లక్ష్మణ కుమారుడి (రేలంగి) కాలు తొక్కుతాడు. మా ఇంట్లో అందరూ రేలంగి ముఖం చూసి నవ్వుతుంటే నేను సావిత్రి భుజాలు చూస్తుంటాను. ఆ విరుపు, ఆ ఠీవి అచ్చం రంగారావువి. తెరమీద ఉన్నది సావిత్రి, కనిపించేది ఘటోత్కచుడు. గొంతు, శరీరం పక్కన పెట్టినా మిగిలేది ఒకటి ఉందన్నమాట. వారసత్వం అంటే అది కాక మరేమిటి? ఇంకొకటి, చర్చ అంతా ఆయన వేసిన ‘పాతాళభైరవి’ మాంత్రికుడు, ‘నర్తనశాల’ కీచకుడు, ఘటోత్కచుడి చుట్టూనే తిరిగింది. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో మెత్తని జమీందారు, అదే ఏడాది ‘బంగారు పాప’లో పసిబిడ్డ దొరికాక మనిషే మారిపోయే మొరటు కోటయ్య ఎవరికీ గుర్తు రాలేదు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు, అయినా ఆ తండ్రులను చూస్తే వయసు గుర్తుకే రాదు. ఇక కొత్త సినిమాల ప్రతినాయకుల్లో ఆయన ఛాయలు వెతకడం (చర్చలో సగం దానికే పోయింది) దండగ. వాళ్ల గాంభీర్యం చాలావరకు నేపథ్య సంగీతానిదే. డప్పుల మోత తీసేసి ఒక్క సన్నివేశం చూడమనండి.