ముందు జడ, తర్వాతే చదువు

బడి పిల్లలు యూనిఫాం నియమాలు పాటించాలా వద్దా అని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొన్న రెండు రోజులు కొట్టుకున్నారు, ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ దగ్గర కూడా అంత గొడవ కాలేదు. నన్నెవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ చెప్తున్నా. పాటించాలి. తు.చ. తప్పకుండా పాటించాలి. రెండు జడలూ పైకి మడిచి రిబ్బన్ కట్టనిదే భిన్నాలు బుర్రకెక్కవని, మగపిల్లాడి జుట్టు చెవికి తగిలితే విన్న పాఠం అటునుంచి అటే జారిపోతుందని నా గట్టి నమ్మకం. ఏడో తరగతి చదివే మా అమ్మాయికి ఈ నమ్మకం లేదు, చిన్నపిల్ల కదా.

ముందు టై సంగతి. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు తరఫున యుద్ధానికి వచ్చిన క్రొయేషియా సైనికులు మెడకు ఒక గుడ్డ చుట్టుకునేవాళ్లు, పారిస్ దొరలకు అది ముచ్చటగా తోచింది, అక్కణ్నుంచి ఊళ్లన్నీ తిరిగి చివరికి ఎలాస్టిక్ తాడు తగిలించుకుని హైదరాబాద్‌లో మా పిల్ల మెడలో పడింది. జూన్ 12న బడి తెరిచేటప్పటికి ఎండ ఇంకా తగ్గదు, క్లాసులో ఉన్న రెండు ఫ్యాన్లలో ఒకటి శబ్దం కోసం, ఇంకోటి అందం కోసం. అయినా టై ఉండాల్సిందే, క్రమశిక్షణ మెడ దగ్గరే కదా మొదలయ్యేది.

యూనిఫాం వల్ల సమానత్వం వస్తుందని ప్రిన్సిపాల్ మేడం పేరెంట్స్ మీటింగులో చెప్పారు, నేనే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టా. ఎందుకంటే కళ్లారా చూస్తున్నాగా. ఒకడు ఇంత పెద్ద కారులోంచి దిగుతాడు, ఇంకొకడు ఆటోలో పదకొండోవాడిగా డ్రైవరు పక్కన సగం సీటు మీద సగం గాల్లో వస్తాడు, కానీ ఇద్దరి సాక్సుల మీదా రెండేసి గీతలే. ఈ ఏడు మూడు చేశారు. సమానత్వం పెరిగిందన్నమాట. పెద్దదాని సాక్సులు చిన్నోడికి పనికిరాకుండా పోయాయని మా ఆవిడ గొణిగింది, ఆమెకు సిద్ధాంతాలు పట్టవు.

బళ్లలో యూనిఫాంలు, బూట్లు, బెల్టులు అమ్మొద్దని 2024లో హైదరాబాద్ జిల్లా విద్యాధికారి ఆదేశాలిచ్చారు. మా స్కూలు ఆ మాట అక్షరాలా పాటిస్తోంది. స్కూల్లో ఏమీ అమ్మరు, ఒక చీటీ ఇస్తారంతే, దాని మీద వెనక సందులో ఉన్న షాపు పేరుంటుంది. సుల్తాన్ బజార్‌లో అదే తెల్ల చొక్కా సగం ధరకు దొరుకుతుంది గానీ జేబు మీద లోగో ఉండదు, లోగో లేకపోతే అది చొక్కా కిందకు రాదు, బనీను కింద లెక్క.

ఇక బుధవారం, శనివారం వైట్ డ్రెస్, తెల్ల కాన్వాస్ బూట్లు. నగరంలో వాన పడ్డ మర్నాడు మా గల్లీ దాటి మెయిన్ రోడ్డు ఎక్కాలంటే పడవ కావాలి, ఆ బురదలోంచి బూట్లు తెల్లగా రావాలి. దీన్ని మించిన యోగాభ్యాసం ఏముంటుంది? రాత్రి సుద్దముక్క అరగదీసి పూసేది నేనే, కాబట్టి నాకూ క్రమశిక్షణ వస్తోంది.

జుట్టు తనిఖీ ప్రేయర్ అవ్వగానే జరుగుతుంది. పీఈటీ సారుకు ఒక చేతిలో విజిల్, ఇంకో చేతిలో కత్తెర. పొడుగ్గా కనపడ్డవాడికి ముందువైపు ఒక గాటు పెట్టి వదిలేస్తారు, మిగతాది మంగలి చూసుకోవాలి. పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో ఉంది నిజమే, అయితే కత్తెర మాట అందులో ఎక్కడుందో చూపించమనండి.

మా అమ్మాయి వాదన ఇంకోటి. ఆరు, ఏడు తరగతుల బ్యాగు 4 కిలోలు దాటకూడదని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే చెప్పింది కదా డాడీ, మరి ప్రేయర్‌లో జడ కొలుస్తారు గానీ బ్యాగు ఎందుకు తూచరు అంటుంది. అని ఊరుకుందా, పాత పేపర్లు కొనే అతను వస్తే అతని కాటాకు తగిలించింది. ఏడున్నర. అతను అలవాటు కొద్దీ కిలో పదిహేను రూపాయలిస్తానన్నాడు. ఫీజు గుర్తొచ్చి నా కడుపు తరుక్కుపోయింది.

అసలు చిక్కు ఆషాఢంతో వచ్చింది. గోరింటాకు పెట్టుకుని వస్తే రెండు వందలు జరిమానా అని డైరీలో అచ్చేసి ఉంది. మా అత్తగారికేమో ఆషాఢంలో ఆడపిల్లకు గోరింటాకు పెట్టకపోవడమంటే అన్నం పెట్టకపోవడం లాంటిదే. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతుంటే అమ్మమ్మా మనవరాలూ డైరీ ముందేసుకుని రూల్స్ అన్నీ చదివారు. చేతులు అని ఉంది, గోళ్లు అని ఉంది, పాదాలు లేవు! వెంటనే ఆకు రుబ్బి రెండు కాళ్లకీ పారాణిలా పట్టించేశారు, పైన మూడు గీతల సాక్సులు, ఆపైన బూట్లు. నియమానికి నియమం, ఆషాఢానికి ఆషాఢం. వారం రోజులు నిశ్చింతగా గడిచాయి.

నిన్న సర్క్యులర్ వచ్చింది. గురుపూర్ణిమ సందర్భంగా పిల్లలంతా బూట్లు, సాక్సులు విప్పి గ్రౌండులో గురుపూజకు కూర్చోవాలట. గోరింటాకు పోవడానికి మా ఆవిడ టూత్‌పేస్టు రుద్దింది, లాభం లేకపోయింది. తర్వాత నిమ్మరసం పూసింది. దాంతో ఇంకా ఎర్రగా పండింది.