మాకేం వద్దండీ

"మాకేం వద్దండీ. మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం."

పెళ్లి మాటల్లో ఈ ముక్క వినపడని తెలుగిల్లు అరుదు. అనే పెద్దమనిషి అబద్ధమాడుతున్నాడని నేననుకోను. కట్నం తప్పని ఆయన నిజంగానే నమ్ముతాడు. అమ్మాయి పేరున రాసే రెండెకరాలూ, యాభై కాసుల బంగారమూ, ఆడపడుచు లాంఛనాలూ ఆయన లెక్కలో కట్నం కిందికి రావు, అంతే. అందుకే కాఫీ గ్లాసు కింద పెడుతూ "ఇంతకీ పొలం రోడ్డు పక్కనేనా?" అని మామూలుగా అడగగలడు.

పొసగని రెండు విషయాలు మనసులో ఉంటే పుట్టే ఇబ్బందిని అమెరికన్ మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింజర్ 1957లో కాగ్నిటివ్ డిసొనెన్స్ అన్నాడు. ఆకలి లాంటిదే అది, తీర్చుకునేదాకా ఊరుకోనివ్వదు. చేసే పని మానుకోవడం కష్టం. దాని పేరు మార్చడం తేలిక.

1959లో ఆయనా, తోటి పరిశోధకుడు కార్ల్‌స్మితూ స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల చేత పరమ విసుగు పని చేయించారు. అరగంట ఒంటిచేత్తో దారపుకండెలు పళ్లెంలో పేర్చి తీయడం, మరో అరగంట పలకలోని 48 మేకుల్ని ఒక్కొక్కటే పావు వంతు తిప్పడం. ఆపైన, బయట ఉన్నమ్మాయికి "భలే సరదాగా ఉంది" అని చెప్పమన్నారు. కొందరికి 20 డాలర్లు, కొందరికి ఒక్కటే. తర్వాత అడిగితే, ఆ పని బాగుందన్నది ఒక్క డాలరు వాళ్లు. ఇరవై తీసుకున్నవాడికి డబ్బు కోసం అబద్ధమాడానని తెలుసు. రెండోవాడికి ఆ సాకు కూడా లేదు, నమ్మడమే మిగిలింది.

నా అనుమానమూ ఇదే. అప్పులు తీర్చడానికి కట్నం తీసుకునేవాడు తప్పు చేస్తున్నానని ఎరిగే చేస్తాడు. అవసరం లేకుండా తీసుకునేవాడికే సిద్ధాంతం కావాలి: "ఆడపిల్ల వాటా కదా", "వాళ్ల ముచ్చట కాదనలేం". అయితే 2024లో పలు దేశాల ప్రయోగశాలలు కలిసి ఇదే కోవ పరీక్ష, ఈసారి తమ నమ్మకానికి ఎదురు వ్యాసం రాయించి, మళ్లీ చేస్తే, ఇష్టపడి ఒప్పుకున్నామనుకున్నవాళ్లకూ తప్పక రాశామనుకున్నవాళ్లకూ మధ్య రావాల్సిన తేడా కనిపించలేదు. కానీ నమ్మకానికి ఎదురు రాసినవాళ్ల అభిప్రాయం మాత్రం రాసినవైపే మళ్లింది. అంటే మొహమాటానికి చేసినా మనసు ఆ పని వెంటే నడుస్తుందేమో.

ఆంధ్రప్రదేశ్ 1958లోనే వరకట్న నిషేధ చట్టం చేసింది, కేంద్రం 1961లో. ఇప్పుడు ఇచ్చినా పుచ్చుకున్నా మామూలుగా ఐదేళ్లకు తక్కువ కాని జైలు. కట్నం అడిగినవాడు గాడిద అని గోడల మీదా రాశాం. మన పెద్దమనిషి అడగలేదుగా!

ఎదుట కూర్చున్న ఆడపిల్ల తండ్రి కూడా "మా సంతోషం కొద్దీ" అంటాడు. నాలుగేళ్లకు కొడుకు సంబంధం వస్తుంది. "మాకేం వద్దండీ" అనే వంతు అప్పుడాయనది.