భజంత్రీలు ఎక్కడ కూర్చున్నారు?

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం జరిపిన మొన్నటి శ్రీరామనవమి కల్యాణంలో మాంగల్యధారణ వేళ జరిగినదాన్ని చాలామంది గమనించి ఉండరు. గమనించినవారు నవ్వి ఊరుకున్నారు. అర్చకులవారు అలవాటు కొద్దీ చెయ్యి పైకెత్తి “భజంత్రీలూ, గట్టిమేళం!” అన్నారు. సౌండు బల్ల దగ్గరి కుర్రవాడు ల్యాప్‌టాప్‌లో మీట నొక్కాడు. మేళం మోగింది గాని, ఆ రికార్డింగు నిడివి అంతేనేమో, రెండో ముడి పడుతుండగానే ఠక్కున ఆగిపోయింది. సీతమ్మవారి మెడలో మూడో ముడి నిశ్శబ్దంలో పడింది.

ఆ రోజు నా వెంట మా పక్కింటావిడ కూడా వచ్చారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే డెట్రాయిట్ సింఫనీ ఆర్కెస్ట్రాకు ఏళ్ళ తరబడి సీజను టిక్కెట్టు కొంటున్న మనిషి. తలంబ్రాలయ్యాక, ఆ వాయించినవాళ్ళు ఎక్కడ కూర్చున్నారని నన్ను అడిగి, పలకరించి వస్తానంటూ వేదిక వెనక్కి వెళ్ళి, అక్కడున్న రెండు స్పీకర్లను చూసి తిరిగివచ్చారు. పులిహోర బాగుందని మాత్రం అన్నారు.

ఆర్కెస్ట్రా అనగానే మన గోదావరివాళ్ళకు గుర్తొచ్చేది నవమి పందిళ్ళలో సినిమా పాటలు పాడే బృందం. ఆవిడ చెప్పగా చెప్పగా నాకు తెలిసివచ్చిన ఆర్కెస్ట్రా చరిత్ర వేరు. 1914లో కొత్తగా ఊపిరి పోసుకున్న ఆ సంస్థకు 1918లో ఒసిప్ గాబ్రిలోవిచ్ సంగీత దర్శకుడయ్యాడు. అమెరికా రచయిత మార్క్ ట్వైన్ అల్లుడాయన. అల్లుడన్నాక అలక తప్పదు గదా, మంచి హాలు కట్టిస్తే గాని ఉండనన్నాడు. ఊరివాళ్ళు అయిదు నెలలు తిరగకుండా, 1919 అక్టోబరు నాటికి, ఆర్కెస్ట్రా హాలు కట్టి ఇచ్చారు. 1929 తరువాతి మాంద్యంలో పోషకులు చితికిపోవడంతో 1939లో ఆ హాలును ఖాళీ చేయవలసివచ్చింది. 1941 నుంచి పదేళ్ళపాటు పారడైజ్ థియేటర్ అన్న పేరుతో డ్యూక్ ఎలింగ్టన్, బిల్లీ హాలిడే వంటివారి జాజ్ సంగీతానికి వేదికై, ఆపైన అది పాడుబడింది. ఆర్కెస్ట్రా కూడా 1940లలో రెండుసార్లు మూతపడింది. 1970లో ఆ హాలును కూలగొట్టి భోజనశాల కట్టబోతే, ఆర్కెస్ట్రాలో బసూన్ అనే ఊదే వాద్యం వాయించే పాల్ గాన్సన్ తోటివారిని, ఊరివారిని కూడగట్టి అడ్డుపడ్డాడు. మళ్ళీ అక్కడ గృహప్రవేశం జరిగేసరికి 1989 వచ్చింది. అంతటితో కష్టాలు తీరలేదు. 2010 అక్టోబరులో జీతాల కోత మీద సమ్మెకు దిగిన వాద్యకారులు ఆరు నెలల తరువాత, అయిదో వంతుకు మించిన కోతకు తలొగ్గి, తిరిగి వాయించడానికి వచ్చారు. శివార్లలోని చర్చిలకు, బడులకు కచేరీలను తీసుకువెళ్ళే పద్ధతి, ఇంటర్నెట్‌లో ఉచిత ప్రసారాలు ఆ సమ్మె తరువాతే మొదలయ్యాయి.

ఇదంతా వింటున్నప్పుడు నా మనసు కోనసీమలో కౌశిక ఏటి గట్టున ఉన్న మా ఊరికి పోయింది. 1984లో మా పెద్దక్క పెళ్ళి. రెండు సన్నాయిలు, ఒక డోలు, తాళాలు, ఒత్తు. ఒత్తు పట్టిన పిల్లవాడిది నా ఈడే, పదకొండేళ్ళు. శృతిపెట్టె అప్పటికి మా ఊరి మేళంలోకి రాలేదు. ముక్కుతో గాలి పీల్చుకుంటూనే, బుగ్గల్లో దాచిన గాలిని వదులుతూ, ఆ ఒక్క షడ్జమాన్ని తెగకుండా నిలబెట్టడం వాడి పని. ఎదురుకోలు మొదలు తెల్లవారుజామున ముహూర్తం దాకా వాడి బుగ్గలు పొంగే ఉన్నాయి. నేను మాత్రం స్నాతకం దగ్గరే నిద్రపోయాను. సన్నాయి పెద్దాయన కన్ను పురోహితుడి చేతి మీదే ఉండేది. మంత్రం ఎక్కడ ముగుస్తుందో, జీలకర్ర బెల్లం ఎప్పుడు పెడతారో, ఎక్కడ ఎవరు తుమ్మినా వినబడకుండా డోలు ఎప్పుడు ఉధృతం కావాలో ఆయనకు తెలుసు. ముడి ఆలస్యమైతే మేళం ఆగి ఉండేది, తొందరైతే తానూ తొందరపడేది. ల్యాప్‌టాప్‌కు ఆ కన్ను లేదు.

మన ఊళ్ళలో కళాకారుడిని నెత్తిన పెట్టుకునేవారని ఇక్కడి పిల్లలకు చెబుతుంటాం. నేనూ చెప్పాను. ఆ పెళ్ళిలో భజంత్రీలకు విస్తళ్ళు వేసింది బంతులన్నీ లేచాక, పశువుల సావిట్లో. అప్పటికి బూరెలు అయిపోయాయి. లెక్క తేల్చేటప్పుడు మా తాతగారు, మధ్యలో ఒకసారి డోలు ఆగిందంటూ పది రూపాయలు పట్టుకున్నారు. మా నాన్నగారి వయసున్న ఆ డోలు ఆయనను నేను “ఒరే” అన్నాను, ఒక్కరూ దిద్దలేదు. అయితే అదే తాతగారు కుప్పనూర్పుల్లో కళ్ళం మీద ముందు వాళ్ళకు మేర, అంటే పంటలో వాళ్ళ వాటా, కొలిచాకే ధాన్యం ఇంటికి తోలించేవారన్నది కూడా నిజం.

ఆ మేర మా ఊళ్ళో క్రమంగా పోయింది. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగాయి, మా చుట్టుపక్కల చాలా పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. అప్పటికి సన్నాయిలో చెయ్యి తిరిగిన ఆ ఒత్తు కుర్రవాడు వాద్యాన్ని గూట్లో పెట్టి, రాజమండ్రిలో సెలూన్‌లో చేరి, నాలుగేళ్ళకు గాని మళ్ళీ పీక నోట పెట్టలేదు. ఆపైన డీజేలు వచ్చాయి. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో మన కోనసీమ సంక్రాంతి వేడుక ప్రభల తీర్థం శకటమై ఢిల్లీలో నడిచినప్పుడు ఆ వీడియోను మన గ్రూపులో ఎన్నిసార్లు పంచుకున్నామో గుర్తుందా? కనుమనాడు జగ్గన్నతోటకు తరలే ప్రభల ముందు వాయించేవారికి మిగతా ఏడాది ఎలా గడుస్తుందని మనలో ఎవరమూ అడగలేదు.

కార్యవర్గాన్ని తప్పుపట్టడం తేలిక. రెండేళ్ళు అందులో ఉన్నవాణ్ణి కనుక వీసాల తిప్పలు, హాలు అద్దెలు నాకు తెలుసు. సన్నాయి ఆరుబయలు వాద్యమని, ఇక్కడి బడి హాళ్ళలో చెవులు హోరెత్తుతాయని అనేవారి మాటలోనూ నిజముంది. కానీ అదే హాల్లో అదే రాత్రి డీజేకు మనం ఎగిరాం, గాయకులకూ యాంకరుకూ హైదరాబాదు నుంచి విమానం టిక్కెట్లు దొరికాయి.

నేను అడిగేది ఇంకో నాలుగు టిక్కెట్లు కాదు. సీజను టిక్కెట్టు అంటే ఇంకా వాయించని కచేరీకి ముందుగానే ఇచ్చే డబ్బు. మేర కూడా అలాంటిదే. పెళ్ళి ఉన్నా లేకున్నా ఊరు కొలిచేది. మన సంఘం డెల్టాలోని కొన్ని మేళాలకు ఏటా మేర కొలవలేదా? ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో, మూఢాల్లో ముహూర్తాలు లేక చేతులు ముడుచుకునే రోజులకు, ముఖ్యంగా నేర్చుకునే పిల్లలకు, నెలనెలా ఇంత అని?

ఇది నా బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. మార్గశిరంలో ఊరు వెళ్ళినప్పుడు ఒకనాటి ఆ ఒత్తు పిల్లవాడిని కలిశాను. ఇప్పుడు మేళానికి ఆయనే పెద్ద. నేను “మీరు” అంటే ఇబ్బందిపడ్డారు. అమెరికా రప్పించే ప్రయత్నం చేస్తానన్నాను. “మమ్మల్నక్కడికి తీసుకెళ్ళి ఏం చేత్తారండి అబ్బాయిగారూ? నా దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు నేర్చుకుంటన్నారండి. ఆషాఢం వత్తే ఒకడు డెలివరీ బండెక్కేత్తాడు, మూఢమొత్తే రెండోవోడూనండి. ఆ రోజులకేదన్నా చూడండి, ఆయ్” అన్నారు.

సంఘంలో మాట్లాడి చెబుతానన్నాను. ఇప్పటివరకు ఫోన్ చేయలేదు. కార్యవర్గం ఎప్పుడు కూర్చుంటుందో చెబితే వస్తాను. ఆషాఢానికి రెండున్నర నెలలే ఉంది.